కొన్న పుస్తకానికి కౌలుదారులమా?

మైపాడు దగ్గరి ఒక పట్టపుపాలెం నుంచి నెల్లూరుకు వచ్చి చదువుకుంటున్న విద్యార్థిని ఒకతె కిందటేడు నన్నొక పుస్తకం అడిగింది. సముద్ర వాణిజ్య చరిత్ర మీద ఇంగ్లీషు గ్రంథం అది. అచ్చుప్రతి ఖరీదు నా వంటివాడికి కూడా అందనిది కావడంతో డిజిటల్ ప్రతి కొనుక్కున్నాను. "వారంలో తిరిగిచ్చేస్తా సార్" అన్నది. ఇవ్వడానికి నాకేమీ అభ్యంతరం లేదు. ముప్ఫై ఏళ్లుగా పుస్తకాలు ఇస్తున్నాను. తిరిగి వచ్చినవి కొన్ని, రానివి కొన్ని. కాని ఈ పుస్తకం ఇవ్వడం నా చేతిలో లేదు. నా పేరిట వున్న ఖాతాలో తప్ప అది మరెక్కడా తెరుచుకోదు. ఇస్తే నా ఫోనే ఇవ్వాలి, లేదా నా రహస్య సంకేతం ఇవ్వాలి. రెండవది నేను ఒప్పుకున్న షరతులకు విరుద్ధం. ఆ సంగతి చెబితే ఆ పిల్ల నా ముఖం వంక చూసి, "కొన్నది మీరే గదా సార్, ఇయ్యను మీకెందుకు కుదరదు?" అన్నది.

ఆ ప్రశ్నకు నేనప్పుడు సరైన సమాధానం చెప్పలేకపోయాను. చిన్న ప్రశ్నే. కాని కొనడం అంటే ఏమిటి, సొంతం అంటే ఏమిటి, జ్ఞానం మీద ఎవరికి ఎంత హక్కు వుంటుంది అన్న పెద్ద ప్రశ్నలన్నీ దాని వెనుక నిలబడి వున్నాయి. విద్యార్థులూ ఉపాధ్యాయులూ రోజూ ఎదుర్కొంటున్న విషయం కనుక దాన్ని కాస్త నిదానంగా పరిశీలించడం అవసరం.

ఈ ఏర్పాటుకు 'డిజిటల్ రైట్స్ మేనేజ్‌మెంట్' అని పేరు. హక్కుల నిర్వహణ అని తెలుగు చేయవచ్చు. అయితే ఎవరి హక్కులు, నిర్వహించేది ఎవరు అన్న సంగతి ఆ పేరులో కనిపించదు. అందుచేత డిజిటల్ తాళం అనే అందాం. అది పనిచేసే తీరు ఇది: పుస్తకాన్ని గాని, పాటను గాని, సినిమాను గాని గూఢలిపిలోకి మార్చి మనకు పంపుతారు. దాన్ని విప్పే తాళపుచెవి అమ్మకందారు అదుపులో వుంటుంది. ఏ పరికరంలో తెరవాలి, ఎన్నిటిలో తెరవాలి, ఎన్నాళ్లు తెరవాలి, ఒక పేజీ నకలు తీసుకోవచ్చునా, యంత్రం చేత పైకి చదివించుకోవచ్చునా అన్నవి అన్నీ ఆ తాళమే నిర్ణయిస్తుంది. 'కొనండి' అని రాసిన చోట నొక్కి మనం డబ్బు చెల్లిస్తాం. కాని మనం చదవకుండా ఒప్పుకున్న షరతుల పత్రంలో మాత్రం ఇది అమ్మకం కాదు, అనుమతి మాత్రమేనని రాసి వుంటుంది.

ఈ తాళాలు వచ్చిన తొలి రోజుల్లోనే, 2000 ప్రాంతంలో, ఒక విడ్డూరం జరిగింది. పిల్లల కథ 'ఆలిస్ ఇన్ వండర్‌లాండ్' ను అడోబ్ సంస్థ డిజిటల్ పుస్తకంగా తెచ్చినప్పుడు దాని అనుమతుల పట్టికలో 'ఈ పుస్తకాన్ని పైకి చదవరాదు' అన్న అర్థం వచ్చే మాట కనిపించింది. లోకం నవ్వింది. అది మనుషులను ఉద్దేశించినది కాదనీ, యంత్రం చదివే సదుపాయాన్ని గురించిన మాటేననీ సంస్థ వివరణ ఇచ్చింది. వివరణ నిజమే. కాని చూపులేని పాఠకుడికి ఆ యంత్రం గొంతే కన్ను. 2009లో కిండిల్ యంత్రం పుస్తకాలను పైకి చదవడం మొదలుపెట్టగానే అమెరికా రచయితల సంఘం అభ్యంతరం చెప్పింది. ఏ పుస్తకం గొంతు నొక్కాలో నిర్ణయించుకునే అధికారాన్ని అమెజాన్ ప్రచురణకర్తల కిచ్చింది. నవ్వు అక్కడితో ఆగిపోతుంది.

సమస్యను మొదటే సరిగ్గా పెట్టుకోవాలి. రచయితకు ప్రతిఫలం వుండాలా అన్నది మన ప్రశ్న కాదు. వుండాలి, దాన్ని గురించి ముందు ముందు మాట్లాడుకుందాం. ప్రతిఫలం ముట్టిన తర్వాత కూడా అమ్మినవాడు కొన్నవాడి ఇంట్లో అధికారిగా కూర్చోవడం న్యాయమా అన్నదే ప్రశ్న.

మన నెల్లూరు చరిత్రనే ఒకసారి తలచుకుందాం. పదమూడవ శతాబ్దంలో మనుమసిద్ధి ఆస్థానంలో వుండి తిక్కన భారతంలో పదిహేను పర్వాలు తెనిగించాడు. ఆయన చెబుతూ వుంటే గురునాథుడు రాశాడని ఐతిహ్యం. ఆ తొలి తాటాకులు ఈ రోజు లేవు. మనకు చేరింది నకళ్లకు నకళ్లు, వాటికి మళ్లీ నకళ్లు. పేరు తెలియని వ్రాయసగాళ్లు ఎన్నో తరాలు ఎత్తి రాస్తే, చెదలకూ వానకూ ఓర్చి, పంతొమ్మిదవ శతాబ్దంలో అచ్చుకు అందింది. ఎత్తి రాయడం నేరమై వుంటే తిక్కన లేడు. సంస్కృతికి సంబంధించినంతవరకు నకలు తీయడం దొంగతనానికి మారుపేరు కాదు. చాలా కాలం అదే బతికించే మార్గం.

అచ్చు వచ్చాక పుస్తకం మరింత చేతులు మారింది. 1935లో పాతూరి నాగభూషణం కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపించాడు. ఒక్క ప్రతి ఎన్ని ఊళ్ల రేవుల్లో ఆగిందో, ఎన్ని చేతుల్లో నలిగిందో! నెల్లూరు జిల్లా దూబగుంట కథ మనందరికీ తెలుసు. 1991లో అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. వాచకంలోని ఒక పాఠం, ఊళ్లో సారా దుకాణం మూయించిన స్త్రీల కథ, చదువుకున్న వాళ్లు చదువురాని వాళ్లకు వినిపించారు. ఆ వినిపించడంలో నుంచి ఉద్యమం పుట్టింది. రోశమ్మా ఆమె తోటి స్త్రీలూ సారా దుకాణం మూయించారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. దీనికంతకూ పేదరికం, తాగుడు, స్త్రీల బాధ మూలకారణాలు. పాఠం నిప్పురవ్వ మాత్రమే. కాని ఆ నిప్పురవ్వ ఒక చేతి నుంచి మరో చేతికి, ఒక గొంతు నుంచి మరో చెవికి స్వేచ్ఛగా పోగలిగింది. 'ఒక ఖాతాకు ఒక పాఠకురాలు' అన్న నియమం వుంటే ఎక్కడికి పోయేది?

కనుక చదవడమన్నది ఒంటరి వినియోగం కాదు. అది సామాజికమైన పని. డిజిటల్ తాళం మొదట దెబ్బకొట్టేది ఈ సామాజికతనే.

ఇక దీని ఆర్థిక స్వభావం చూద్దాం. అల్లూరు పక్కన ఇసకపల్లి ఉప్పుకొటార్లు చూసినవారికి ఈ విషయం సులభంగా బోధపడుతుంది. బ్రిటిషు ప్రభుత్వం ఉప్పు మీద గుత్తాధికారం చెలాయించిన రోజుల్లో, పల్లపు నేలలో సముద్రపు నీరు దానంతట అది ఎండి పేరుకున్న ఉప్పును కూడా పేదవాడు గీరుకోకూడదు. గీరుకుంటే శిక్ష. అట్లా పేరుకున్న ఉప్పును అధికారులు మట్టిలో కలిపి పాడుచేయించేవారు. ప్రకృతి పుష్కలంగా ఇచ్చినదాన్ని చట్టం కొరతగా మార్చింది. కొరత నుంచి ధర పుట్టింది, ధర నుంచి పన్ను పుట్టింది. 1930లో ఆంధ్ర తీరం పొడుగునా జనం ఆ చట్టాన్ని ధిక్కరించారంటే ఉప్పు రుచి కోసం కాదు. కృత్రిమమైన కొరత నైతికంగా సహించరానిదని తోచింది కనుక.

డిజిటల్ వస్తువులోనూ ఇటువంటి లక్షణమే వుంది. ఒక గ్రంథం రాయడానికి ఏళ్ల శ్రమ పడుతుంది. దాన్ని సరిదిద్ది, కూర్చి, సిద్ధం చేయడానికి ఎందరి శ్రమో పడుతుంది. కాని ఒకసారి సిద్ధమైన తర్వాత వెయ్యో ప్రతి తయారు కావడానికి దాదాపు ఏ శ్రమా అక్కర్లేదు. నేను చదువుతున్నంత మాత్రాన మరొకరికి తరిగిపోదు. మానవచరిత్రలో ఇది సామాన్యమైన విషయం కాదు. ఉత్పత్తి శక్తులు అక్షరాన్ని అందరికీ పంచగల స్థితికి వచ్చాయి. ఉత్పత్తి సంబంధాలు మాత్రం దానికి తాళం వేసి, లేని కొరతను సృష్టిస్తున్నాయి. ఇంతకంటే స్పష్టంగా ఈ వైరుధ్యం కనిపించే చోటు మరొకటి వుండదేమో.

అయితే ఉప్పుతో పోలిక ఒకచోట ఆగిపోతుందని నిజాయితీగా ఒప్పుకోవాలి. పల్లంలో పేరుకున్న ఉప్పు ఎవరూ తయారు చేసినది కాదు. పుస్తకం ఒక మనిషి శ్రమ. అందుచేత 'తాళాలన్నీ పగలగొట్టండి, అన్నీ ఉచితంగా తీసుకోండి' అనే నినాదం నాకు సమ్మతం కాదు. ఇంతకంటే దగ్గరి పోలిక మరొకటి వుంది. అది జమీందారీ.

వెంకటగిరి జమీలో రైతు కష్టాలను ఇక్కడ విస్తరించనక్కర్లేదు. నెల్లూరు నుంచి వెలువడిన ఒక పత్రిక 'జమీన్ రైతు' అని పేరు పెట్టుకున్నదంటేనే ఆ సమస్య ఎంత ముఖ్యమైనదో తెలుస్తుంది. రైతు శిస్తు కట్టడానికి నిరాకరించలేదు. దున్నుతున్న భూమి మీద స్థిరమైన హక్కు కావాలన్నాడు. శిస్తు కట్టినా ఎప్పుడు తొలగిస్తారో తెలియని బతుకు వద్దన్నాడు. 1908 మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టం ఆ హక్కును కొంతవరకు గుర్తించింది. 1948 చట్టం జమీందారీనే రద్దు చేసింది. తమాషా ఏమిటంటే, అదే 1908లో అమెరికా సుప్రీంకోర్టు పుస్తకాల విషయంలో ఇటువంటి సూత్రమే చెప్పింది: ఒకసారి అమ్మిన పుస్తకాన్ని కొన్నవాడు ఎంతకు తిరిగి అమ్ముకోవాలో శాసించే హక్కు కాపీరైటు వల్ల ప్రచురణకర్తకు రాదు. పాత పుస్తకాల అంగడీ, స్నేహితుడికి ఇచ్చే ఎరువూ నిలబడినది ఇటువంటి సూత్రం మీదనే.

డిజిటల్ తాళం ఈ సూత్రాన్ని చడీచప్పుడూ లేకుండా రద్దు చేసింది. 2009 జూలైలో అమెజాన్ తన పాఠకుల కిండిల్ యంత్రాల్లో నుంచి జార్జి ఆర్వెల్ రాసిన '1984', 'యానిమల్ ఫామ్' ప్రతులను కొన్నిటిని దూరం నుంచే తుడిచివేసింది. వాటిని అమ్మకానికి పెట్టిన వారికి అమ్మే హక్కు లేదన్నది కారణం. డబ్బు తిరిగి ఇచ్చారు. తర్వాత సంస్థ అధిపతి క్షమాపణ కూడా చెప్పాడు. కాని ఒక విద్యార్థి ఆ పుస్తకానికి రాసుకున్న నోట్సు మూలం లేక దిక్కులేనిదై పోయింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన పుస్తకాల అంగడి కట్టివేసినప్పుడు జనం కొన్న పుస్తకాలన్నీ తెరుచుకోవడం మానేశాయి. అప్పుడూ డబ్బు తిరిగి ఇచ్చారు.

డబ్బు ఇచ్చారు కదా, నష్టమేముంది అని అడగవచ్చు. నిద్రలేచి చూసేసరికి మన బీరువాలో పుస్తకం మాయమై, ఆ స్థానంలో నోట్లు పెట్టి వున్నాయనుకోండి. దాన్ని వ్యాపారమంటామా, ఇంట్లో జొరబడడమంటామా? ఇక్కడ సమస్య డబ్బుది కాదు, అధికారానిది. మంచి జమీందారు ఎవరినీ తొలగించకపోవచ్చు. తొలగించగల అధికారం ఆయన చేతిలో వున్నంత కాలం రైతు రైతు కాడు, దయ మీద బతికే మనిషి. 2005లో సోనీ బీఎంజీ సంస్థ తన సంగీతపు సీడీల ద్వారా కొన్నవారి కంప్యూటర్లలోకి రహస్యంగా ఒక ప్రోగ్రాము చొప్పించి, గొడవ జరిగాక వాటిని వెనక్కి తీసుకోవలసి వచ్చింది. చివరకు 2025 జనవరి నుంచి అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, ఇచ్చేది అనుమతి మాత్రమేనని స్పష్టంగా చెప్పకుండా 'కొనండి' అనే మాట వాడరాదని చట్టం చేసింది. ఆ చట్టం దొర కౌలుపత్రం ఇచ్చి దాన్ని పట్టా అనకూడదన్నది. పట్టా ఇమ్మని మాత్రం అనలేదు.

ఇప్పుడు మన దేశంలోకి వద్దాం. మన న్యాయస్థానాలు విద్యార్థి అవసరాన్ని గుర్తించని చోటు కాదు. 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు ఢిల్లీ విశ్వవిద్యాలయం ఆవరణలోని రామేశ్వరి ఫోటోకాపీ దుకాణం మీదా, విశ్వవిద్యాలయం మీదా దావా వేశాయి. పుస్తకాల్లోని భాగాలను పాఠ్య సంపుటాలుగా జిరాక్సు తీసి విద్యార్థులకు ఇస్తున్నారన్నది అభియోగం. 2016 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ దావా కొట్టివేసింది. బోధన కోసం తీసుకునే నకళ్లకు చట్టంలో చోటు వుందన్నది. అదే సంవత్సరం డిసెంబరులో ధర్మాసనం ఆ సూత్రాన్ని సమర్థిస్తూ, ఆ నకళ్లు పాఠ్యక్రమానికి ఎంతవరకు అవసరమో తేల్చమని విషయాన్ని కింది న్యాయమూర్తికి పంపింది. చివరకు ప్రచురణ సంస్థలే దావా విరమించుకున్నాయి. విద్యార్థిలోకం సంతోషించింది, సంతోషించవలసిన తీర్పే.

కాని అవే పేజీలు తాళం వేసిన డిజిటల్ పుస్తకంలో వుంటే ఆ తీర్పు ఏం చేస్తుంది? ఏమీ చేయలేదు. తాళానికి తీర్పులు చదవడం రాదు. చట్టానికీ తాళానికీ వున్న అసలు తేడా ఇక్కడ వుంది. చట్టం ముందు మనిషి తన కారణం చెప్పుకోవచ్చు. నేను ఉపాధ్యాయుణ్ణి, ఇది పాఠం కోసం. నాకు చూపు లేదు, వినడం కోసం తీసుకున్నాను. నేను విమర్శ రాస్తున్నాను, నాకీ భాగం కావాలి. చట్టం విని, తూచి, నిర్ణయిస్తుంది. తాళం వినదు. అది దొంగనూ పండితుణ్ణీ అంధుణ్ణీ ఒకే కంటితో చూస్తుంది, అందరినీ ముందే దొంగలుగా నిర్ణయిస్తుంది. నేరం జరగకముందే శిక్ష అమలు చేసే వ్యవస్థను మనం మరే రంగంలోనైనా న్యాయమంటామా?

మన కాపీరైటు చట్టానికి 2012లో జరిగిన సవరణ ఈ విషయంలో అమెరికా చట్టం కంటే మెరుగైనదే. 1998 నాటి అమెరికా చట్టం, కొద్ది మినహాయింపులు పోను, తాళం తీయడాన్నే నేరం చేసింది. మన 65ఏ సెక్షన్ హక్కులను ఉల్లంఘించాలన్న ఉద్దేశంతో తాళం తీసినవాడికే రెండేళ్ల దాకా జైలు, జరిమానా అన్నది. చట్టం స్పష్టంగా నిషేధించని పని కోసం తీస్తే తప్పు కాదన్నది. అయితే అటువంటి పనిలో మరొకరికి సాయపడినవాడు ఆ మనిషి పేరు, చిరునామా, ఉద్దేశం రాసి పెట్టుకోవాలి. అమ్మకందారు మాత్రం తాళపుచెవి ఇచ్చి తీరాలని చట్టంలో ఎక్కడా లేదు. తలుపు తీసుకోవచ్చునని అనుమతి ఇచ్చి, తాళపుచెవి ఇవ్వకపోవడం ఇది. సాంకేతిక విద్య తెలిసినవాడు తీసుకోగలడు. మన కళాశాల గ్రంథాలయాధికారి, పట్టపుపాలెం విద్యార్థిని, చూపులేని పాఠకుడు తీసుకోలేరు. అంధులకు చదవగల ప్రతులు అందించే మర్రకేష్ ఒడంబడికను 2014లో లోకంలో అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనది. ఆ గౌరవం నిలబడాలంటే కాగితం మీది హక్కుకు చేతిలో తాళపుచెవి కూడా తోడు కావాలి.

మరొక సంగతి. మన దేశంలో రచయిత మరణించిన తర్వాత 60 సంవత్సరాలకు రచన ప్రజల సొత్తవుతుంది. ఈ గడువు మరీ ఎక్కువని వాదించవచ్చు; కాని గడువంటూ ఒకటి వుంది. తాళానికి గడువు లేదు. అరవై ఏళ్లు నిండిన రోజున అది తనంతట తాను ఊడిపడదు. అప్పటికి ఆ అమ్మకందారు వుంటాడా, ఆ యంత్రం వుంటుందా?

తెలుగు వంటి భాషకు ఇది ప్రాణసంకటం. మన పుస్తకాలకు అంగడి చిన్నది. 2016లో కిండిల్ కోసం హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు తెచ్చినప్పుడు ఆ అయిదింటిలో తెలుగు లేదు. లాభం లెక్కలో మనం ఎక్కడున్నామో దీన్ని బట్టి గ్రహించవచ్చు. 2010 తర్వాత హైదరాబాదు నుంచి 'కినిగె' వంటి ప్రయత్నాలు తెలుగు డిజిటల్ పుస్తకాలకు దారి చూపించాయి. ఆ పుస్తకాలకూ అడోబ్ తాళమే ఆధారమైంది. అంటే మన వాళ్ల పుస్తకాన్ని మనమే చదువుకోవడానికి సముద్రాల అవతలి తాళపుచెవి కావలసి వచ్చింది. దీనికి ఎదురుగా మరొక ఉదాహరణ వుంది. ప్రభుత్వ నిధులతో జరిగిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలాది పాత తెలుగు పుస్తకాలను పేజీ పేజీ బొమ్మ తీసి పెట్టింది. తర్వాత ఆ సైటు మూతపడింది. కాని ఆ ప్రతులకు తాళాలు లేవు. ఔత్సాహికులు వాటిని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో భద్రపరిచారు. ఈ రోజు పాత తెలుగు పుస్తకం మీద పరిశోధన చేసే ప్రతి విద్యార్థీ ఆ పుణ్యం అనుభవిస్తున్నాడు. తిక్కన వ్రాయసగాళ్లు చేసిన పనే ఇది.

ఇప్పుడు రెండు ఆక్షేపణలు. మొదటిది మన శిబిరం నుంచే వస్తుంది: డిజిటల్ పుస్తకాలు కొనేది మధ్యతరగతి, వలలు లాగే పేదవాడికి దీనితో ఏం పని అని. ఇరవై ఏళ్ల కిందట ఈ మాట కొంత నిజం. ఇప్పుడు పాటా, సినిమా, పాఠం పట్టపుపాలేనికి చేరేది ఫోను ద్వారానే. చందా కట్టినన్నాళ్లు పాట. చందా ఆగితే పాట లేదు. పదేళ్లు కట్టినా చేతిలో మిగిలేది శూన్యం. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల్లో ఎనిమిదవ తరగతి పిల్లలకూ ఉపాధ్యాయులకూ ట్యాబ్‌లు పంచింది. వాటిలో ఒక ప్రైవేటు కంపెనీ తయారుచేసిన పాఠాలు వున్నాయి. 2024 జూలైలో ఆ కంపెనీ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. పిల్లలకు చదువు చేర్చాలన్న ఆశయాన్ని నేను శంకించడం లేదు. అడుగుతున్నది ఒక్కటే: ప్రభుత్వం అచ్చువేసిన వాచకాన్ని అన్న చదివి తమ్ముడికి ఇస్తాడు, కంపెనీ సొత్తయిన పాఠాన్ని అట్లా ఇవ్వగలడా? దీనికి భిన్నంగా, చేపలు ఎక్కడ పడతాయో, అల ఎంత ఎత్తు వస్తుందో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ మత్స్యకారులకు తెలుగులో ఉచితంగా చెబుతున్నది. ఒక పడవకు తెలిసిన కబురు పక్క పడవకు పోతుంది. ప్రజాధనంతో పుట్టిన జ్ఞానం ఎట్లా వుండాలో అది ఒక నమూనా.

రెండవ ఆక్షేపణ గట్టిది. తాళం తీసేస్తే రచయిత ఏం తిని బతకాలి? ఇది మనల్ని మనం అడుగుకోవలసిన ప్రశ్న. ఒక కవి అప్పు చేసి అయిదు వందల ప్రతులు వేసుకుంటాడు. నెల తిరక్కుండా ఎవరో దాన్ని పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో వెయ్యిమందికి పంపుతారు. పంపినవాడు 'జ్ఞానం అందరిదీ' అంటాడు. ఈ మాట పెట్టుబడిదారు ముందు అనడం వేరు, పేద కవి ముందు అనడం వేరు. శ్రమకు కూలి ఎగ్గొట్టడం అభ్యుదయం కాదు. పుస్తకాన్ని ఒక మిత్రుడికి ఎరువివ్వడమూ, వెయ్యిమందికి వెదజల్లడమూ ఒకటే అని వాదించేవారు తమ సౌకర్యానికి సిద్ధాంతం వెతుక్కుంటున్నారు.

అయినా ఈ అన్యాయానికి తాళం మందు కాదు. దొంగప్రతి తయారు చేసేవాడు తాళాన్ని ఒక్కసారి తీస్తాడు; ఆ తర్వాత ఆ ప్రతికి తాళమే వుండదు. జీవితాంతం తాళంతో అవస్థ పడేది డబ్బు పెట్టి కొన్న నిజాయితీపరుడు. ఆపిల్ సంస్థ 2009లో తాను అమ్మే పాటలకు తాళాలు తీసేసింది. పాటల వ్యాపారం అంతరించలేదు. మన సినిమా కవులకూ స్వరకర్తలకూ కొంతైనా మేలు చేసింది అదే 2012 సవరణలోని మరొక భాగం: పాటను సినిమాహాలు వెలుపల వాడుకున్నప్పుడు వచ్చే రాయల్టీలో వారి వాటాను నిర్మాతకు వదులుకున్నామని రాసిచ్చినా అది చెల్లదన్నది. రచయితను కాపాడేది న్యాయమైన ఒప్పందం, నిజాయితీ గల లెక్క, గ్రంథాలయాల కొనుగోలు. తాళం కాపాడేది ప్రధానంగా తాళపుచెవి వున్నవాణ్ణి. ఇద్దరి మధ్య భేదాన్ని మరుగుపరచి, రచయిత ఆకలిని అడ్డం పెట్టుకొని గుత్తసంస్థ తన అధికారాన్ని సమర్థించుకుంటున్నది. కూలి వేరు, కౌలు వేరు.

కాబట్టి మనం కోరవలసినవి అసాధ్యమైనవేమీ కావు. అమ్మకమని డబ్బు తీసుకుంటే అది అమ్మకమే కావాలి. కొన్న ప్రతిని ఒకరికి ఎరువివ్వడానికి, వారసులకు వదలడానికి హక్కు వుండాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో 'అన్యాయమైన ఒప్పందం' అన్న భావన వుంది. ఈ షరతుల పత్రాలను ఆ గీటురాయి మీద పరీక్షించాలి. గ్రంథాలయాలకు, బోధనకు, అంధులకు చట్టం ఇచ్చిన మినహాయింపు అమలయ్యేలా తాళపుచెవి ఇవ్వడం అమ్మకందారు విధి కావాలి. 1954 నాటి చట్టం అచ్చు పుస్తకం ప్రతిని జాతీయ గ్రంథాలయానికి ఇమ్మన్నట్లే, తాళం లేని డిజిటల్ ప్రతి ఒకటి ప్రజల గ్రంథాలయంలో చేరాలి. ప్రజాధనంతో తయారైన ఏ పాఠానికీ తాళం వుండకూడదు. ఇక మన వంతు: అభ్యుదయ రచయితలు తమ పుస్తకాలను తాళం లేకుండా అమ్మాలి, పాఠకులు డబ్బిచ్చి కొనాలి. రెండవది జరగకపోతే మొదటిదాన్ని కోరే నైతిక బలం మనకు వుండదు.

ఆ విద్యార్థిని సంగతి చెప్పి ముగిస్తాను. ఆమె మూడు ఆదివారాలు మా ఇంటికి వచ్చి, వరండాలో కూర్చుని, నా ఫోనులోనే ఆ పుస్తకం చదువుకున్నది. ఫోను మోగినప్పుడల్లా తెచ్చి నాకిచ్చేది. మాట్లాడి మళ్లీ ఇచ్చేవాణ్ణి. పుస్తకం సగం కూడా కాలేదు. పరీక్షలు వచ్చాయి, ఊరికి వెళ్లిపోయింది. పోయేముందు తన నోట్సు నా బల్ల మీద పెట్టి, "ఇది మీరు ఎవురికైనా ఇయ్యొచ్చు సార్" అన్నది. ఆ నోట్సు ఇప్పటికి ఇద్దరు విద్యార్థుల చేతులు మారింది. నేను కొన్న పుస్తకం మాత్రం ఇంకా నా ఒక్కడి ఫోనులోనే వుంది. అమ్మినవాడు వుంచినన్నాళ్లు వుంటుంది.